ఎండగట్టిన చెరువు

మూడేళ్ల కిందటి వేసవి. ఏలూరులో భూసేకరణ కేసులు చూసే లాయర్‌ని నేను. పెదపాడు దగ్గర బైపాస్ రోడ్డుకి పోయే భూముల్లో మరియమ్మగారి సొంత పట్టా చేపల చెరువు కూడా ఉంది. ఆవిడ మా ఆఫీసు గుమ్మంలోంచే మొదలుపెట్టారు.

"ఏవండీ, నా చెరువుని ఖాళీ భూమని రాసేశారంటండీ! ఖాళీ ఎలాగవుద్దండీ?"

జరిగింది ఇది. సర్వేవాళ్లు వచ్చిన రోజున చెరువులో చుక్క నీరు లేదు. మా వైపు చేపల పట్టుబడి అయ్యాక చెరువుని ఎండగడతారు. అడుగు బాగా ఎండి నెర్రెలు విచ్చాకే మళ్లీ నీరు పెట్టి, చేపపిల్లల్ని వదులుతారు. వేరే జిల్లా నుంచి వచ్చిన ఆ సర్వేయర్లకి అదంతా బీడుగా కనబడింది. అవార్డు, అంటే పరిహారం తేల్చే తుది ఉత్తర్వు, అలాగే వస్తే గట్లకీ తూముకీ ఏమీ రాదు. వచ్చినదానితో ఆవిడ ఇంకో చెరువు కొనలేరు. చేపల పెంపకం తప్ప మరో బతుకుతెరువు లేని మనిషి.

నాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే అభ్యంతరం వేసి, రీ-ఇన్‌స్పెక్షన్, అంటే మళ్లీ వచ్చి చూడటం, జరగాల్సిందేనని పట్టుబట్టాను. ఆ తేదీ కాస్తా కాలవకి నీళ్లొదిలిన తరవాత పడింది. ఇక చెరువుకి నీరు పెట్టి చూపించొచ్చు. ఎగిరి గంతేసినంత పని చేశాను!

ఆ రోజు భూసేకరణ అధికారి ఇంకా ఎండిపోయే ఉన్న చెరువులోకి దిగి, తూముకి ఎదురుగా నిలబడ్డారు.

"చుట్టూ గట్టున్నంత మాత్రాన చెరువైపోద్దా అమ్మా?"

"తూము తియ్యమంటారాండీ?" అన్నారు మరియమ్మగారు, చాలా మర్యాదగా.

"తియ్యండి, చూద్దాం."

తూము తలుపు లేచిందో లేదో, కాలవ నీరు ఉరికొచ్చింది. నెర్రెల్లోకి బుడబుడమంటూ దిగి, అవి నిండగానే నలువైపులా పరుచుకుంది. అధికారి తడిసిన బూట్లు చేత్తో పట్టుకుని గట్టెక్కేసరికి మాకెవరికీ నవ్వాగలేదు. ఆయనా నవ్వేశారు.

"చెరువేనండీ. నా బూట్లే సాక్ష్యం," అన్నారు.

అవార్డులో చేపల చెరువనే వచ్చింది. గట్లకీ తూముకీ విడిగా విలువ కట్టారు. అప్పటినుంచి భూమి పోతోందని ఎవరొచ్చినా ఎంతిస్తున్నారని ముందు అడగను. దాన్ని ఏమని రాశారు, ఏ కాలంలో వచ్చి చూశారు అని అడుగుతాను.

నిరుడు వేసవిలో మరియమ్మగారు మండవల్లి వైపు కొన్న కొత్త చెరువు చూపిస్తానని తీసుకెళ్లారు. ఆత్రంగా గట్టెక్కి చూశాను. లోపల చుక్క నీరు లేదు, అడుగంతా నెర్రెలు. ఎంత సంతోషమేసిందో!