తాళంసారు రాయి

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో మనిషికి ఆకలి తక్కువ, భయం ఎక్కువ. ఏ మాటంటే ఎవరేమనుకుంటారో, ఏ కుర్చీలో కూర్చుంటే అది ఎవరిదవుతుందో అని ఒళ్లంతా కళ్లు చేసుకుని బతుకుతాం. ఇప్పుడు కర్నూలులో చల్లటి గదిలో కూర్చుని, చేతికందేంత దూరంలో నీళ్ల బాటిల్ పెట్టుకుని ఇది రాస్తున్నాను గానీ, అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, గొంతూ ఎండుతుంది. (గొంతు ఎండడం ఊరికే అన్న మాట కాదు. ఎందుకన్నానో చెబుతాను.)

నా మొదటి ఉద్యోగం బేతంచెర్ల వైపు ఒక నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో. ఆర్డర్లు చూసుకోవడం, కొనేవాళ్లతో ఫోన్లో మాట్లాడడం నా పని. ఆఫీసు గదిలో ఆడమనిషిని పెట్టుకోవడం వాళ్లకు అదే మొదటిసారి. షెడ్డులో మాత్రం రాళ్లు కడిగి, తుడిచి, వరుసగా నిలబెట్టే ఆడవాళ్లు ముందునుంచీ ఉన్నారు. వాళ్లలో పెద్దావిడను అందరం ఖాలా, అంటే పిన్నమ్మ, అనేవాళ్లం. నన్ను తీసుకునేటప్పుడు ఓనరు పెద్దాయన దాచుకోకుండా ఒక మాట చెప్పాడు. ఆడపిల్లను పెట్టుకుంటే ఏవో ఇబ్బందులొస్తాయని నలుగురూ అంటున్నారనీ, ఎండాకాలం అయ్యేదాకా చూసి, ఏ గొడవా లేకపోతే అప్పుడు ఉద్యోగం ఖాయం చేస్తాననీ ఆయన మాట. ఇంట్లో నా జీతం మీద అమ్మ అప్పటికే ఆశలు పెట్టుకుంది. అందుకని ఆ ఎండాకాలమంతా నేను గొడవ అనే పదానికి ఆమడ దూరంలో ఉండాలని ఒట్టు పెట్టుకున్నాను.

ఇక తాళంసారు సంగతి. ఆయన మా మేనేజరు. ఫ్యాక్టరీ మొత్తానికి ఉన్న ఒక్క మరుగుదొడ్డికి తాళం వేసి, దాని తాళంచెవిని తన బల్ల వెనక మేకుకు తగిలించి కాపలా కాసేవాడు కాబట్టి ఆ పేరొచ్చింది. మగవాళ్లకు దాని అవసరం లేదు, వాళ్లకు వ్యర్థపు రాళ్ల గుట్ట వెనక బోలెడంత రాయలసీమ ఉంది. ఆడవాళ్ల కోసం గది శుభ్రంగా ఉండాలనే ఆ తాళం. "ఆడోళ్ల మర్యాద కోసరమే ఏసినా" అని ఆయనే గర్వంగా చెప్పేవాడు, నిజంగానే అలా నమ్మేవాడు కూడా. చెవి పోకుండా దానికి అరచేతికి రెండింతలున్న నాపరాయి ముక్కను తీగతో కట్టాడు. రాళ్ల ఫ్యాక్టరీ కదా, ఇంకేం దొరుకుతుంది! రెండో చెవి ఉంటే ఇక తాళానికి విలువేముందని దాన్ని ఆయనే గనిగుంతలోకి విసిరేశాడు.

ఆ రాయి తీసుకోవాలంటే ముందు ఆయన బల్ల దగ్గరకు వెళ్లాలి. ఆయన అలవాటుకొద్దీ తలెత్తకుండానే "ఏమ్మా, యాడికి?" అనేవాడు. ఎక్కడికో ఆయనకు తెలుసు, నాకు తెలుసు, అక్కడ టీ తాగుతున్న లారీ డ్రైవర్లకు తెలుసు. అయినా అడిగేవాడు. తర్వాత ఆ రాయిని రెండు చేతులా పట్టుకుని, యంత్రాల దగ్గరున్న మగవాళ్లందరి ముందునుంచీ పెరుగన్నం గిన్నె మోసినట్టు మోసుకుంటూ ఆవరణ దాటాలి. దాచుకుందామంటే చున్నీలో పట్టదు. మొదటి వారంలోనే నాకు జ్ఞానోదయమైంది. నీళ్లు తాగకపోతే రాయి అక్కర్లేదు. షెడ్డులో వాళ్లకు ఆ జ్ఞానం ఎప్పుడో వచ్చేసింది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే, లోపల రాళ్ల మీద నీళ్లు ధారగా పడుతుంటే, ఆ నీళ్ల మధ్య నిలబడి పనిచేసే ఆడవాళ్లు సాయంత్రందాకా గొంతు తడుపుకునేవాళ్లు కాదు. ఖాలా కోడలు అలాగే మూత్రంలో మంటా జ్వరమూ తెచ్చుకుని పని మానేసింది. ఆ సంగతి ఖాలా నాకు మామూలుగా చెప్పింది. నేను ఎవరికి చెప్పాలో, చెబితే నా ఉద్యోగం ఏమవుతుందో తెలియక ఊరుకున్నాను.

ఎండాకాలం చివర్లో ఒకరోజు ఫ్యాక్టరీలో హడావుడి. పెద్ద ఆర్డరు ఇస్తామన్న బయటి ఊరి కంపెనీవాళ్లు, పనిచేసే చోట అందరినీ గౌరవంగా చూసుకోవడం గురించి మీవాళ్లకు శిక్షణ ఇప్పించాలని షరతు పెట్టారట. హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చింది. ఓనరూ వచ్చాడు. తాళంసారు ఎవరినీ నమ్మక, తన బల్లంతా తానే సర్దుకుని, ఆ కంపెనీకి పంపాల్సిన రాళ్ల నమూనాలను కూడా తన చేత్తోనే కాగితాల్లో చుట్టి పొద్దున్నే లారీకెక్కించాడు. మీటింగు ముందు ఓనరు స్వయంగా అందరికీ మజ్జిగ గ్లాసులు ఇప్పించాడు. నా గ్లాసు ఆయనే అందించాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఎదురుగా నిలబడి "ఇంగొంచెం తాగమ్మా" అన్నాడు. తాగాను.

అరగంటకే ఆ మజ్జిగ తన పని మొదలుపెట్టింది. మెల్లగా వెళ్లి మేకు వైపు చూశాను. మేకు ఉంది, రాయి లేదు. ఓనరు వచ్చాడు కదా, తాళంసారు దాన్ని జేబులో పెట్టుకున్నాడేమో అనుకున్నాను. (ఆ రాయి పట్టే జేబు ఏ దర్జీ కుడతాడని ఆ క్షణంలో తోచలేదు.) అందరి ముందూ అడిగే ధైర్యం లేక వచ్చి ఖాలా పక్కన కూర్చున్నాను. ఆవిడ నా ముఖం చూసి "ఓర్చుకో పాపా, నేనూ ఓర్చుకుంటాండా" అని చెవిలో అంది. ఆవిడ నుదుటిమీద చెమట చూసి నాకు ఇంకా భయమేసింది.

మేడం మంచి మనిషి. ఏకవచనంతో పిలవకూడదనీ, ఆడవాళ్ల మాటకు అడ్డు రాకూడదనీ చక్కగా చెబుతోంది. నాకు ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు. గోడమీద ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, బయట యంత్రం మీద నీళ్లు జారుతున్న చప్పుడు మాత్రం బ్రహ్మాండంగా వినిపిస్తున్నాయి. ఇంతలో ఆమె, ఇక్కడ ఆడవాళ్లకు ఏదైనా ఇబ్బంది ఉంటే భయపడకుండా లేచి చెప్పమంది. మగవాళ్లందరూ నా వైపు తిరిగారు. ఓనరు కూడా తిరిగాడు. భయపడకుండా చెప్పడం తర్వాతి మాట, అసలు లేస్తే ఏమవుతుందో నాకే నమ్మకం లేదు. ఆ సందులో తాళంసారు అందుకుని, మా దగ్గర అట్లాంటివేవీ లేవనీ, అందరం ఒకింటి మనుషుల్లా ఉంటామనీ చెప్పేశాడు. మేడం సంతోషించి, చిన్న విరామం అంటూ, మరుగుదొడ్డి ఎక్కడని నెమ్మదిగా ఆయన్నే అడిగింది.

తాళంసారు నవ్వుతూ మేకు వైపు చెయ్యి చాపాడు. చెయ్యి అలాగే ఆగిపోయింది. తర్వాత బల్ల కింద, కుర్చీ కింద, చివరికి మజ్జిగ కుండలో కూడా వెతికారు. ఉన్నట్టుండి ఆయన ముఖం పాలిపోయింది. పొద్దున సర్దేటప్పుడు మేకు నుంచి తీసి బల్లమీద పెట్టిన ఆ రాయిని, అక్కడున్న రాళ్లన్నింటితోపాటు నమూనా అనుకుని చుట్టేశాడు! చెవి రాయి కిందకు పడి ఉంటే కంగారులో చూసుకోలేదు. లారీవాడికి ఫోన్ చేస్తే అప్పటికే నంద్యాల దాటి హోటల్లో దోసె తింటున్నాడట. గదిలో ఎవరూ నవ్వలేదు. అప్పుడు ఓనరు ఏదో లెక్క తేలనట్టు మొహం పెట్టి, తాళంసారుతో అన్నాడు.

"చెవి పొద్దున్నే పోయిందంటాండావు. మరి మన ఆడోళ్లు ఇంతసేపూ యాడికి పోతాండారప్పా?"

తాళంసారు మళ్లీ బల్ల కిందకు వంగి వెతకడం మొదలుపెట్టాడు. ఓనరు చూపు తిరిగి తిరిగి నా దగ్గర ఆగింది. నా ఉద్యోగం ఆ చూపులోనే ఉందని నాకు తెలుసు. చెప్తే గొడవ మనిషినవుతాను. పక్కన ఖాలా కొంగు చివర నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. ఎలా లేచానో తెలియదు, లేచాను.

"మేము యాడికీ పోము సార్. పోవాల్సి వస్తాదని నీళ్లే తాగం."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎండాకాలమంతానా అని ఆయన అడిగాడు. నేను తలూపాను. ఆయన తన చేతిలో ఉన్న మజ్జిగ గ్లాసును కాసేపు చూసి బల్లమీద పెట్టేశాడు. ఇంతలో ఖాలా లేచింది. షెడ్డులోకి వెళ్లి రాయి కొట్టే సుత్తి, ఉలి తెచ్చుకుని, ఎవరి అనుమతీ అడగకుండా ఆవరణ దాటింది. రెండు దెబ్బలకు తాళం ఊడింది. మేడం తలుపు దగ్గర పక్కకు జరిగి, "ముందు మీరు వెళ్లండమ్మా" అంది ఖాలాతో. తర్వాత మేమందరం వరుస కట్టాం. ఆ వరుసలో మేడం మా అందరి వెనకే నిలబడింది. తాళంసారు మా అందరికీ వీపు తిప్పి, రాళ్ల గుట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆయన మీద నాకు జాలేసింది, దాచుకోవడం ఎందుకు.

మిగతా ఉపన్యాసం ఏమైందో నాకు తెలియదు. నేను కుండ దగ్గర నిలబడి నీళ్లు తాగుతున్నాను. మరుసటిరోజు ఆ తలుపుకు లోపలవైపు గడియ బిగించారు, బయట ఇంకెప్పుడూ తాళం పడలేదు. ఖాలా కోడలు పనిలోకి తిరిగొచ్చింది. నా ఉద్యోగం ఖాయమైంది. తాళంసారును మాత్రం తాళం పోయినా తాళంసారు అనే పిలిచాం, అప్పట్నుంచీ ఆ పేరుకు ఆయనా నవ్వేవాడు. అసలు వింత కొన్నాళ్లకు జరిగింది. నమూనాలు చూసిన కంపెనీ నుంచి నాకు ఫోనొచ్చింది. తాళంచెవి కట్టి పంపిన ముక్క ఉందే, అంత నునుపు ఇంకే రాయికీ రాలేదట, అదే పాలిష్ కావాలట. అది ఏ యంత్రం మీదా తేలిన నునుపు కాదని, భయంతో చెమట పట్టిన ఆడవాళ్ల అరచేతులు ఏళ్లతరబడి రుద్దిన నునుపని నేను ఎలా చెప్పను? ఆ రకం మా దగ్గర ఇక తయారు కాదండీ అని మాత్రం చెప్పాను.

వాళ్లు తిప్పి పంపిన ఆ రాయి, చెవితో సహా, ఇప్పుడు నా బల్లమీదే ఉంది. నేను ఉద్యోగం మారి వచ్చేటప్పుడు ఖాలా పాత చీరముక్కలో చుట్టి నా సంచిలో పెట్టింది. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి దాన్ని ఎత్తి, "ఇంత రాయికి ఇంత చిన్న తాళంచెవేంది మేడం, దేనిది?" అని అడిగింది. చెప్పాను. మొదట్నుంచీ చెప్పాను. ఆ అమ్మాయి ఒక్క ముక్కా నమ్మలేదు. మీరు శానా కథలు చెప్తారు మేడం అని నవ్వి, నా బాటిల్ తీసుకుని గడగడా సగం నీళ్లు తాగేసి, ఎవరినీ ఏమీ అడక్కుండా లేచి బాత్రూం వైపు వెళ్లింది. రాయి మోస్తూ ఆవరణ దాటిన ఆ పిచ్చిపిల్ల నాకు గుర్తొచ్చింది. మిగిలిన సగం నీళ్లు నేను తాగాను.