రెండో భాగంలో లేని అన్న

పోయిన నెల ఒక మంగళవారం, తొమ్మిదో తరగతికి మూడో పీరియడ్ పాఠం చెబుతుండగా భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. సెంటరక్క వాళ్ల చెల్లెలు మాట్లాడింది. "మా అక్క పోయిందమ్మా. పొద్దుగాల, దవాఖానల. నీకు చెప్పాల్నని చేస్తున్న" అంది. పిల్లలు వింటున్నారని వరండాలోకి వచ్చాను. ఎప్పుడు తీసుకుపోతున్నారని అడిగితే, సాయంత్రం నాలుగింటికి అంది. జనగామ బస్టాండులో హనుమకొండ బస్సు ఎక్కేదాకా నాకు ఏడుపు రాలేదు. బస్సు రఘునాథపల్లి దాటాక పక్కసీటు పెద్దావిడ నా మొహం చూసి "ఎవరన్న పోయిండ్రా బిడ్డా?" అంది. మా అక్క అన్నాను. "సొంత అక్కనా?" అంది. అవునన్నట్టు తలూపాను.

నిజానికి ఆమె నాకు ఏ చుట్టమూ కాదు. మహబూబాబాద్‌లో, అదే మా మానుకోటలో, రైల్వే స్టేషన్ దగ్గరి సందులో ఇంటర్నెట్ సెంటర్ నడిపిన మనిషి. ఊరంతా ఆమెను సెంటరక్క అనే పిలిచింది. హాల్ టికెట్లు, పరీక్షల రిజల్టులు, కులం సర్టిఫికెట్ల దరఖాస్తులు, పొలాల పహాణీ నకళ్లు అన్నీ ఆమె చేతి మీదుగా పోయేవి. ఆరు కంప్యూటర్లు. పొద్దున తెరవగానే ఒక్కో కీబోర్డు మీది తువ్వాల తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టేది. చెప్పులు బయట విడవనివాళ్లను ఎంత పెద్దవాళ్లయినా లోపలికి రానిచ్చేది కాదు. ఫారం నింపేటప్పుడు తొందరపడేవాళ్లను చూసి ఒకటే మాట అనేది: "ముందుగాల చదువు. తర్వాత నొక్కు." ఆ మాట నేనిప్పుడు నా పిల్లలతో రోజుకు పదిసార్లు అంటాను.

మాది బయ్యారం దగ్గర తండా. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. ఇంగ్లీషు నాకు చాలా దూరపు చుట్టం. ఎనిమిదో తరగతిలో మానుకోట హాస్టల్లో చేరాను. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా సెంటరక్క తన సెంటర్ను మా హాస్టల్ ఆడపిల్లల కోసం ఉంచేది. సెంటర్ నడిపేది ఆడమనిషి కాబట్టి వార్డెన్ పంపేది. మగపిల్లలు గుమ్మం దగ్గర నిలబడి "మాకెప్పుడక్కా?" అంటే, "వారమంత మీదే గదరా, రెండు గంటలు ఓర్సుకోండ్రి" అనేది.

అప్పుడు మాకు ఒక కంప్యూటర్ ఆట దొరికింది. దాని అసలు పేరు మాకు నోరు తిరిగేది కాదు. రాతికొండ ఆట అనుకునేవాళ్లం. ఒక పిల్ల, వాళ్ల అన్న. కరువొచ్చిన ఊరికి నీళ్లు తేవడానికి, రాతిమనుషులు కాపలా కాసే కొండకు పోతారు. పిల్ల చేతిలో విల్లు, అన్న చేతిలో కాగడా. పిల్లకు అక్క చాంది అని పేరు పెట్టింది. ఒకళ్లు మౌస్ పట్టుకుంటే ఒకళ్లు కీబోర్డు, మిగతా ఎనిమిది మందిమి వెనక నిలబడి అరవడం. తెరమీద ఇంగ్లీషు మాటలు వచ్చినప్పుడల్లా అందరం అక్క వైపు తిరిగేవాళ్లం. ఆమె కుర్చీ జరుపుకుని వచ్చి, చదివి, మాకు తెలుగులో చెప్పేది. ఊరికే చెప్పేది కాదు, గొంతులు మార్చేది. రాతిమనిషికి ఒక గొంతు, పడవ తాతకు ఒక గొంతు. కొత్త ఇంగ్లీషు మాట వస్తే, పాడైపోయిన ప్రింటు కాగితం వెనక రాసి నా చేతిలో పెట్టేది. నాకే ఎందుకు ఇచ్చేదో నేనెప్పుడూ అడగలేదు. ఆ కాగితాల వల్లే నేను ఇంగ్లీషు టీచరునయ్యానంటే అబద్ధం కాదు.

ఆ ఏడాది చలికాలంలో మా అన్న పోయాడు. పుణెలో బిల్డింగు పనికి వెళ్లినవాడు మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. నేను తండాకు పోయి, దినాలు అయ్యాక హాస్టల్‌కు తిరిగి వచ్చాను. అన్నం నోట్లో పెట్టుకుంటే మింగుడుపడేది కాదు. ఆదివారం స్నేహితురాళ్లు నన్ను లాక్కుపోయారు. ఆ రోజు ఆట ఆఖరికి వచ్చింది. కొండ పగిలి నీళ్లు దుమికాయి. అన్న బండరాయి పక్కన పడిపోయి ఉన్నాడు. చాంది వాడి తల ఒళ్లో పెట్టుకుంది. తెర కింద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"ఏమంటుందక్కా?" అని అందరూ ఒకేసారి అరిచారు.

అక్క చదివింది. ఒకసారి నా వైపు చూసింది, మళ్లీ తెర వైపు చూసింది.

"అలిసిపోయిండు. జర పండుకుంట అంటుండు. నువ్వు నీళ్లు పట్టుకొని ఊరికి పో చెల్లే, నేను లేసినంక ఎనకొస్త అంటుండు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మా అన్న రాడని తెలుసు. నేనేమీ మోసపోలేదు. కానీ ఆ రోజు హాస్టల్‌కు పోయి రెండు సార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను.

నేను ఇంటర్ చదివేటప్పుడు రెండో భాగం వచ్చింది. దాని కోసం అక్క ఒక కంప్యూటర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించింది. బొమ్మ ఎంత బాగుందో చెప్పలేను. గాలికి చాంది వెంట్రుకలు ఎగిరేవి, వానలో బట్టలు తడిసేవి. ఆమెకు గుర్రం వచ్చింది, వెనక పటాలం వచ్చింది. అయినా మాకు నచ్చలేదు. మొదటి దాంట్లో ఒకటే కొండ, ఒకటే దారి. ప్రతి రాయీ మాకు తెలుసు. ఇందులో ఎటు చూసినా భూమే. అన్నిటికంటే పెద్ద కోపం, అన్న లేకపోవడం.

"అన్న యాడ పోయిండక్కా?"

"ఏటి అవతల ఎవుసం చేస్తుండు. నీళ్లొచ్చినయి గదా, పొలం పని తెమలుతలేదు."

చాంది అప్పుడప్పుడు ఒక రాళ్లకుప్ప దగ్గర తనంతట తానే ఆగిపోయేది. మనం ఏం నొక్కినా కదిలేది కాదు. ఎందుకాగిందని అడిగితే అక్క "తొవ్వ మర్సిపోయింది, జరసేపు ఆగుండ్రి" అనేది. ఇది ఆట చేసినవాళ్ల తప్పు అని మేం తీర్మానించుకున్నాం. "అన్ననే మర్చిపోయిండ్రు, ఇదేం రెండో భాగం" అని తిట్టుకున్నాం. మొదటిదానికి ఇది కాలిగోటికి కూడా సరిపోదని నేను ఎందరితోనో వాదించాను.

వాదిస్తూనే దొరికిపోయాను. బి.ఎడ్. చదివేటప్పుడు హాస్టల్ గదిలో నాతో ఉన్న బచ్చన్నపేట అమ్మాయి కూడా ఆ ఆట ఆడిందట. రెండో భాగంలో అన్నను గాలికి వదిలేశారని నేను అంటే, ఆమె నన్ను వింతగా చూసింది. "ఏందే, మొదటి దాంట్లనే సచ్చిపోయిండు గదా" అంది. నీకు ఇంగ్లీషు రాదన్నాను. ఇద్దరం రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఉద్యోగం వచ్చాక పాత లాప్‌టాప్ ఒకటి కొని, జనగామలో నా అద్దె గదిలో మొదటి భాగం మళ్లీ మొదలుపెట్టాను. నాలుగు ఆదివారాలు పట్టింది. ఆఖరికి ఆ తెల్లటి అక్షరాలు వచ్చాయి. అందులో నిద్ర లేదు, వెనక వస్తాననడం లేదు. "మా అన్న చనిపోయాడు" అని చాంది ఆకాశానికి చెబుతోంది. అంత చిన్న వాక్యం నా ఆరో తరగతి పిల్లలు కూడా చదువుతారు.

వెంటనే రెండో భాగం పెట్టాను. రాళ్లకుప్ప దగ్గర చాంది ఆగింది. ఈసారి నేనేమీ నొక్కలేదు. అది అన్న గుర్తుగా ఆమె పేర్చిన కుప్ప. ఆట మొత్తంలో ఏడు చోట్ల అలాంటి కుప్పలు ఉన్నాయి. ఎక్కడికి పోయినా అన్న కోసం రాళ్లు పేరుస్తూ పోయింది ఆ పిల్ల. గుర్రం, పటాలం, అంత పెద్ద భూమి, అన్నీ ఉండి కూడా ఆమెకు ఎటు పోవాలో తెలియదు. మేం చెత్త అన్న ఆట అది. నాకు పద్నాలుగేళ్లప్పుడు ఎలా ఉండిందో అచ్చం అలాగే ఉంది.

అప్పటికి ఫోన్లు వచ్చి సెంటర్ మూతపడింది. అక్క పెళ్లి చేసుకోలేదు. భూపాలపల్లిలో చెల్లెలి దగ్గర, బొగ్గుగనుల క్వార్టర్లో ఉంటోంది. షుగర్ వల్ల చూపు మసకబారింది. దసరా సెలవుల్లో వెళ్లాను. నా గొంతు విని గుర్తుపట్టి, చేయి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకుంది. చాయ్ తాగేదాకా ఆగలేకపోయాను.

"అక్కా, చాంది వాళ్లన్న సచ్చిపోయిండు గదా?"

"ఎవలు చెప్పిండ్రు?"

"నేనే చదివిన."

"మంచిగ చదువుకున్నవన్నట్టు" అని నవ్వింది.

"నీకు ఇంగ్లీషు సరిగ రాక గట్ల చెప్పినవేమో అనుకున్న."

"గా నాలుగు మాటలు రావా నాకు? వచ్చు. చదివిన. చెప్పుదామని నీ దిక్కు జూసిన. నోరు రాలే."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మరి రెండో భాగం వచ్చినప్పుడైనా చెప్పొచ్చు కదా, అప్పటికి నేను పెద్దదాన్నయ్యాను కదా అన్నాను. ఆమె పైటకొంగు వేళ్లకు చుట్టుకుంటూ చెప్పింది.

"అనుకున్న బిడ్డా. రోజూ అనుకున్న. గప్పుడు చెప్తే మొదటిది అబద్ధమైతది. మీరందరు అంత సంబురపడ్డది అబద్ధమైతది. అందుకే ఏటి అవతల ఎవుసం పెట్టిచ్చిన. గా రాళ్లకుప్ప వచ్చినప్పుడల్ల నా గుండె గుబుల్మనేది, నువ్వెక్కడ అడుగుతవో అని. పాపం, గంత మంచి ఆటను మీతోని తిట్టిచ్చిన."

అప్పుడు నేను ఆ ఆదివారం అన్నం తిన్న సంగతి చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఆమె విని, "తిన్నవా?" అంది. "తిన్న" అన్నాను. "రెండుసార్లు పెట్టించుకున్న." ఇక ఆ మాట ఎత్తలేదు.

మూడో భాగం మేమిద్దరం కలిసి ఆడాం. సెలవు దొరికినప్పుడల్లా లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని భూపాలపల్లి పోయేదాన్ని. ఆమెకు తెరమీద వెలుగు, రంగులు మాత్రమే కనబడేవి. నేను ఆడుతూ, చదువుతూ, తెలుగులో చెప్పేదాన్ని. గొంతులు మార్చడం నాకు చేతకాదు. "రాతిమనిషి గట్ల మాట్లాడడు, నువ్వు సారు లెక్క మాట్లాడుతున్నవ్" అని వెక్కిరించేది. ఇందులో చాందికి నడివయసు. నెరిసిన వెంట్రుకలు, నడకలో కొంచెం కుంటు. గుర్రం లేదు. ఒకరోజు పొద్దున, ఏరు దాటుతుండగా అక్షరాలు వచ్చాయి. నేను చదివి ఆగిపోయాను.

"ఎందుకాగినవ్?" అంది అక్క. "పడవ తాత పోయిండా?"

అప్పటికి ఆమెకు కిడ్నీలు పాడైన సంగతి బయటపడి నెల దాటింది. తాత ఒడ్డు మీద కూర్చున్నాడని చెప్పడం ఎంతసేపు? నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు గట్ల చెయ్యకు" అంది మెల్లగా. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను చిన్నపిల్లనా?"

చెప్పాను. తాత పడవలోనే పోయాడని, చాంది తెడ్డు అందుకుందని, ఏటి మీద మంచు కమ్ముకుందని, అంతా చెప్పాను. "మంచి సావు" అంది అక్క. "తర్వాత?"

ఆట అయిపోయాక, మూడింట్లో ఏది బాగుందని అడిగాను. నా మటుకు రెండోదే అన్నాను. ఇన్నేళ్లు దాన్ని తిట్టినందుకు కూడా దాని మీద నాకు ప్రేమ ఎక్కువ. ఆమె మొదటిదే అంటుందనుకున్నాను.

"మూడోది" అంది.

"నీకు కనవడనే కనవడలే గదక్కా!"

"అయితేంది? మొదటి దాంట్ల మీ మొఖాలు జూసుడే సరిపోయింది. రెండో దాంట్ల అబద్ధాలు చెప్పుడే సరిపోయింది. ఆట ఎప్పుడు ఇన్న నేను? ఇగో, గిదొక్కటే నిమ్మళంగ కూసోని ఇన్న."

ఒకదానికొకటి సరితూగుతాయా అని ఇన్నేళ్లు మేమంతా కొట్లాడుకున్నాం. ఆ పది మంది పిల్లలకు కథ చెప్పిన మనిషికి, తనకోసం కథ వినే రోజు రావడానికి మూడో భాగం దాకా పట్టింది. ఆ సంగతి నాకు తట్టనే లేదు. తట్టి ఉంటే ఇంకా ముందే వెళ్లేదాన్ని.

ఆ తర్వాత నాలుగు నెలలే ఉంది. వారానికి మూడుసార్లు డయాలసిస్, రక్తం తీసి శుభ్రం చేసి మళ్లీ ఎక్కించే మిషను. ఫోన్లో మాట్లాడితే తన ఒంటి సంగతి రెండు మాటల్లో ముగించి, నా క్లాసులో చదువురాని పిల్ల ఎవరు, ఏ మాట దగ్గర ఆగిపోతోందని అడిగేది.

పదోరోజుకు మళ్లీ వెళ్లాను. భోజనాలయ్యాక చుట్టాలు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. వాళ్ల చెల్లెలు పెరట్లో తీగ మీద అక్క చీరలు మూడు ఆరేసింది. ఉతికి ఎవరికైనా ఇద్దామనుకుందట. దూరంగా గనిలో పేలుడు మోగింది, కాసేపటికి నల్లటి దుమ్ము సన్నగా వచ్చి క్వార్టర్ల మీద వాలింది. ఆమె లేచి వెళ్లి ఒక్కో చీరనూ దులిపింది. పసుపురంగు చీర దగ్గర ఆగి, దుమ్ము వదలని అంచు వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకు పెట్టి చూసింది. దాన్ని తీగ మీది నుంచి లాగి, బకెట్లో ముంచి, మళ్లీ మొదటి నుంచి ఉతకడం మొదలుపెట్టింది.