ఆరో ప్రయత్నం

ముప్పై ఏళ్లు ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దిన మనిషి. పక్షవాతం వచ్చి తగ్గాక, మాటలు ఒక్కొక్కటే చేజారిపోతున్నాయి. డాక్టరు చెప్పిన మీదట రోజూ పొద్దున్నే కళ్లజోడు తుడుచుకుని, ఫోన్లో ఆరు ప్రయత్నాల్లో ఆనాటి మాట కనిపెట్టే ఆటకు కూర్చుంటాడు. ప్రతి అక్షరాన్నీ ముందు తొడ మీద వేలితో రాసుకుని, ఆ తర్వాతే నొక్కుతాడు. పక్కన భార్య బఠాణీలు ఒలుస్తూ ఉంటుంది.

ఇవాళ ఆరు అవకాశాలూ అయిపోయి, ఫోనే జవాబు చూపించింది: గొడుగు. "ఇలాంటి మాట ఉందా? తప్పు పడిందేమో," అన్నాడాయన. ఆమె లేచి, తలుపు వెనకనున్న గొడుగు తెచ్చి ఒళ్లో పెట్టింది. ఆయన దాన్ని విప్పి చూసి, మళ్లీ మూశాడు. "ఇది తెలుసు. ఆ మాటే తెలీదు."

"రేపటిది తేలిగ్గా ఉంటుందిలెండి," అందామె.

ఆయన ఆమెను పిలవబోయి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు. ఆమె మెల్లగా తన పేరు చెప్పింది.