ఘాటు తెలియని ఇంటికి రెండు గినీ పిగ్‌లు

మా అమ్మాయి గుంటూరులో ఫార్మసీ చదువుతోంది. మొన్న ఫిబ్రవరిలో ఫోన్ చేసి, కాలేజీ ల్యాబ్‌లో రెండు గినీ పిగ్‌లు మిగిలిపోయాయని చెప్పింది. ఎవరైనా పెంచుకుంటామని సంతకం పెడితే ఇచ్చేస్తారట. లేకపోతే వచ్చే వారం సూదిమందు ఇచ్చి నిద్రపుచ్చేస్తారట. ఆ మాట చెప్పేటప్పుడు దాని గొంతు సన్నబడింది. నేను బళ్లో టీచర్ని, పిల్లల ఏడుపులకు తొందరగా కరిగే రకం కాదు. అయినా "సరే, పెట్టవే సంతకం" అన్నాను. ఫోన్ పెట్టేశాక గినీ పిగ్ అంటే ఎంత ఉంటుందో బొమ్మల్లో వెతికి చూసుకున్నాను.

ఇంట్లో ఉండేది నేనూ అత్తయ్యా. మా ఆయనకు ఒంగోలులో ఉద్యోగం, నెలకు రెండు ఆదివారాలు వస్తారు. అత్తయ్యకు డెబ్బై దాటాయి. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి మిరప కళ్లాల్లో కూర్చుని కాయలకు తొడిమలు తీసిన మనిషి. ఇప్పటికీ సీజన్ వస్తే ఆవిడ కాళ్లు కళ్లం వైపే నడుస్తాయి. వద్దంటే రెండు రోజులు నాతో మాట్లాడరు.

మా అమ్మాయి వాటి తిండి గురించి పెద్ద జాబితా పంపింది. గడ్డి ఎప్పుడూ ముందు ఉండాలి. కొత్తిమీర పెట్టొచ్చు. ఉల్లిపాయ, బంగాళాదుంప దగ్గరికి రానివ్వకూడదు. రోజూ క్యాప్సికం ముక్క పడాలి. "ఎందుకే అంత ఖరీదైన కూర?" అని విసుక్కుంటే ఓపిగ్గా చెప్పింది.

"వాటికీ మనకీ ఒకటే లోటమ్మా. విటమిన్ సి ఒంట్లో తయారు కాదు. ఏ రోజుకారోజు తిండిలోనే అందాలి."

ఆ మాట విన్నాక చాలాసేపు నాకు వేరే ధ్యాస లేదు. వీధిలో తిరిగే కుక్క, పక్కింటివాళ్ల మేక, పిట్టగోడ మీది పిల్లి, వీటన్నిటికీ అది ఒంట్లోనే తయారవుతుందట. మనమూ, దోసిలిలో పట్టే ఆ ప్రాణులూ మాత్రం నోరు తెరిచి బయట అడగాల్సిందేనట. ఇన్నేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను, నాకు ఇలాంటి చుట్టాలు ఉన్నారని ఎవరూ చెప్పలేదు. మర్నాడు బళ్లో సోషల్ పాఠం ఆపేసి పిల్లలకు ఇదే చెప్పాను.

ఇక క్యాప్సికం కోసం వెతుకులాట. చుట్టూ ఎటు చూసినా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలే, కారం లేని మిరపకాయ మాత్రం ఊళ్లో ఒక్కటి దొరకలేదు. కూరగాయలమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "కారం లేనిది ఏం చేసుకుంటారు టీచరు గారూ, ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాలేదా?" అంది. చివరికి గుంటూరు నుంచి రోజూ బస్సులో వచ్చే మా తోటి టీచరుతో తెప్పించాను.

గడ్డి పని అత్తయ్య తన మీద వేసుకున్నారు. "చేలగట్ల మీది గడ్డి ముట్టుకోమాకమ్మాయ్, అంతా మందు కొట్టినదే. రెండు ప్రాణాలు పోతాయి" అని, రోజూ పొద్దున్నే సాగర్ కాలువ గట్టు దాకా నడిచి గరిక కోసుకొచ్చేవారు. తొట్టిలో మూడు నీళ్లు మార్చి కడిగేవారు. డాబా మీద టార్పాలిన్ పట్టా పరిచి, ఎండ ముదరకముందే తిరగేస్తూ, ఆకుపచ్చ పోకుండా ఆరబెట్టేవారు. అంత పనితనం నేను ఎక్కడా చూడలేదు. విరిగిన నవారు మంచాన్ని తిరగేసి, పైకి లేచిన నాలుగు కోళ్ల చుట్టూ జాలీ కట్టి ఇద్దరం వాటికి ఇల్లు చేశాం. అడుగున మెత్తగా ఉండాలని రెండు ఖాళీ గోనెసంచులు శుభ్రంగా దులిపి వేశాం.

శనివారం మధ్యాహ్నం మా అమ్మాయి అట్టపెట్టె పట్టుకుని దిగింది. గడప దాటగానే వరుసగా మూడు తుమ్ములు తుమ్మింది. హాస్టల్‌కు వెళ్లినప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతిసారీ ఇదే వరస. "దీనికి పట్నం గాలి వంటబట్టింది, మన ఇల్లు పడట్లేదు" అని మేం ఆటపట్టించడమూ మామూలే.

పెట్టెలో ఒకటి తెల్లది, ఒకటి గోధుమరంగుది. తెల్లదాన్ని నా చేతుల్లో పెట్టింది. చెవులు లేత తమలపాకంత పల్చగా ఉన్నాయి, వెలుతురు వాటిలోంచి కనిపిస్తోంది. నా అరచేతి కింద దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే లెక్కపెట్టబోయి వదిలేశాను. ఇంత చిన్నదానికి అన్నీ అమర్చిన దేవుణ్ణి తలుచుకుంటే ఒళ్లు జలదరించింది. అత్తయ్య అయితే ముట్టుకోకుండా చేతులు జోడించి నిలబడిపోయారు.

రెండింటినీ ఆ మంచం ఇంట్లో దింపాం. కాసేపటికి తెల్లది తుమ్మింది. తర్వాత రెండోది. ఆ తర్వాత రెండూ మూలకు చేరి కళ్లు మూసుకున్నాయి. గడ్డి ముట్టలేదు, క్యాప్సికం వాసన కూడా చూడలేదు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. మా అమ్మాయి మొహంలో నెత్తురు లేదు.

"ఇవి తింటూనే ఉండాలమ్మా. రాత్రి దాకా ఇలాగే ఉంటే పేగులు కదలడం మానేస్తాయి. ఇక బతకవు."

"ల్యాబ్ తిండికి అలవాటుపడ్డాయేమోలే" అన్నాను నేను, అన్నీ తెలిసినట్టు. అమ్మాయి వినిపించుకోలేదు. గడ్డిలోకి తలదూర్చి గట్టిగా పీల్చింది. తుమ్ములు ఆగక, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తల ఎత్తింది.

"ఈ గడ్డి ఎక్కడ ఆరబెట్టారు నానమ్మా?"

"డాబా మీద, పట్టా మీద."

"ఏ పట్టా?"

అత్తయ్య నా వైపు చూశారు. మా ఇంట్లో ఉన్నది ఒకటే పట్టా. అంతకుముందు వారం దాకా దాని మీద మా చేలో పండిన మిరపకాయలే ఆరాయి. గోనెలూ కాయలు పోసినవే. చేలల్లో కొట్టే మందు గురించి అంత భయపడ్డ మేం మిరప ఘాటు సంగతే తలుచుకోలేదు. నేనూ గడ్డి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గడ్డి వాసన తప్ప ఏమీ రాలేదు. అత్తయ్యకూ అంతే. ఆ ఇంట్లో ఆ ఘాటు తెలిసింది మా అమ్మాయికీ, ఆ రెండు బుల్లి ముక్కులకే.

ఇల్లంతా వెతికితే మిరప దుమ్ము లేనిది స్నానాలగది ఒక్కటే. దాన్ని రుద్ది కడిగి రెండింటినీ అక్కడికి మార్చాం. పరుపుకు ఏం వేయాలో తోచలేదు. అత్తయ్య వెళ్లి ఆదివారం ఆరాధనకు, గుడికి కట్టుకునే తెల్లచీర తెచ్చారు. ఇస్త్రీ చేయించి ప్లాస్టిక్ కవర్లో దాచుకునే చీర.

"దీనికి కళ్లం గాలి తగల్లేదమ్మాయ్" అంటూ నాలుగు మడతలుగా పరిచారు.

తర్వాత పక్కింట్లో తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, ఎండలో మళ్లీ కాలువ గట్టుకు వెళ్లారు. పొద్దుగూకే వేళకు పచ్చి గరిక కొంగులో కాకుండా చేతుల్లో పట్టుకొచ్చారు. గుమ్మంలోనే ఆగి, "మన ఇంట్లో ప్రార్థన చేయకుండా ఎవరూ ముద్ద ముట్టరు" అని కళ్లు మూసుకుని రెండు మాటలు చెప్పుకున్నారు. ఒక గరికపోచ ముందుకు చాపారు.

గోధుమరంగుది కళ్లు తెరిచింది. ముక్కు అదిరింది. ఒక్కో అంగుళమే ముందుకొచ్చి పోచ కొసను పట్టుకుంది. పోచ నోట్లోకి లోపలికి లోపలికి పోతూనే ఉంది. చిన్న కరకర శబ్దం. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి ఆ శబ్దం విన్నాం. పుట్టి బుద్ధెరిగాక నేను విన్న శబ్దాల్లో అంత గొప్పది లేదు. తెల్లది కూడా లేచి వచ్చింది.

అప్పుడే అత్తయ్యకు దగ్గు తెర వచ్చింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని గబగబా వాకిట్లోకి వెళ్లిపోయారు, అవి బెదురుతాయని. అక్కడ ఒంటరిగా నిలబడి చాలాసేపు దగ్గారు. ఆ దగ్గు నాకు కొత్త కాదు. కాపురానికి వచ్చిన ఇరవై రెండేళ్ల నుంచి తెల్లవారుజామున దాంతోనే నాకు మెలకువ వస్తుంది. వయసు దగ్గు అనుకున్నాను. అసలేమీ అనుకోలేదంటే నిజం చెప్పినట్టు. మంచి రేటు వచ్చేదాకా మా కాయల గోనెలు ప్రతి ఏడూ పేర్చేది ఆవిడ గదిలో, ఆవిడ మంచం పక్కనే. నాకు చాలా సిగ్గేసింది.

ఆదివారం గుడి నుంచి రాగానే నేనూ మా అమ్మాయీ ఆ గోనెలన్నీ వెనక రేకుల షెడ్డులోకి ఈడ్చేశాం. గోడలు దులిపి, బకెట్ల కొద్దీ నీళ్లు కొట్టి నేల కడుగుతున్నాం. అత్తయ్య గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు. తర్వాత తన దిండూ దుప్పటీ తీసి చంకన పెట్టుకున్నారు.

"మంచి పని చేశారు. వాటికి ఈ గది ఇద్దాం. నేను వసారాలో పడుకుంటాలే."

"వాటికి కాదండీ" అన్నాను. "మీకు."

ఆవిడ దిండు దించలేదు. కడిగిన నేల వైపు, తర్వాత నా వైపు చూశారు. "నాకెందుకమ్మాయ్?" అన్నారు.

నేను చీపురు కింద పెట్టి దిండు అందుకున్నాను.