పిక్కల జట్టు

అరవైల చివర్లో మా బాల్ బ్యాడ్మింటన్ జట్టు ఓడినప్పుడల్లా మమ్మల్ని ఆడించే పెద్దబావ తువ్వాలు పరిచి, అయిదుగురు ఆటగాళ్లకూ అయిదు వేరుశనగ పిక్కలు పేర్చేవాడు. అందరూ వాదించుకుని ఎవరిని తీసెయ్యమంటే, వాడి పిక్కను నోట్లో వేసుకునేవాడు.

సాలూరులో చిత్తుగా ఓడిన రోజు, టీకొట్టు బల్ల మీద అన్ని వేళ్లూ నెట్టు దగ్గరున్న నా పిక్కనే చూపించాయి.

“ఈడి ఆట అయిపోనాది. తినీసెయ్ బావా!”

బావ దాన్ని తీసి పొట్టు ఊదాడు.

“ఆగండ్రా. ఈడి సెయ్యి బాగానే ఉన్నాది. నెట్టు కాడ కంగారు పడతన్నాడు. ఎనకుంటే బంతిని సూసుకుని కొడతాడు,” అంటూ దాన్ని వెనక వరసలో పెట్టాడు.

అమ్మయ్య అనుకున్నాను. అయినా మాటల్లో పడి తినేస్తాడేమోనని, లేచేదాకా ఆ పిక్కకు చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చున్నాను.