గంగమ్మకు తీసిన వాటా

2023 వేసవి. సముద్రంలో వేట నిషేధం నడుస్తున్న రోజులు. కోట అనే మా చిన్న ఊళ్లో బస్టాండు వెనక సందులో ఉన్న నా లాప్‌టాప్ సర్వీస్ షాపుకు ఏటా ఆ రోజుల్లోనే రద్దీ. వేట ఉన్నన్నాళ్లూ మూలన పడేసిన వస్తువులన్నీ వేట ఆగాక మనుషులకు గుర్తొస్తాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టిన చార్జింగ్ పిన్నులు, రొయ్యల గుంటల దగ్గర తడిసిన కీబోర్డులు, అన్నీ వరసగా వచ్చి నా బల్ల మీద కూర్చుంటాయి. నాకు కోపం ఎక్కువని కోటలో పేరుంది. నిజమే, ఎక్కువే. లాప్‌టాప్ నిండా చేపల పులుసు ఒలకబోసుకొచ్చి, “ఏమీ పడలేదక్కా, దానంతటదే ఆగిపోయింది” అని మొహం మీద చెప్పే వాళ్లతో ఏళ్ల తరబడి వేగితే మీకూ వస్తుంది.

పెంచలయ్య వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె వాడు. తండ్రి పడవలో వేటకు పోతాడు, ఒడ్డున ఉన్నప్పుడు లాప్‌టాప్‌లో పాటలు కడతాడు. ఆ లాప్‌టాప్‌ను చేపలకు ఐసు వేసే థర్మకోల్ పెట్టెలో పెట్టుకుని వచ్చాడు. షాపంతా సందువ చేప వాసన.

“ఇదేందిరా?” అన్నాను.

“దుమ్ము పడదక్కా, చల్లంగా గూడా ఉంటాది. దీని సంగతి చూడు. పాట సగంలో నిలబడిపోతుండాది. డోలు ముందు పోతాది, గొంతు ఎనకాల నడిచొస్తాది.”

విషయం కొంచెం పెద్దదే. వాళ్ల ఊరి గంగమ్మ జాతరకు ఏటా నాయుడుపేట నుంచి మేళం వచ్చేది. ఈసారి ఊరి కూటంలో వీడు లేచి, పాట నేనే కడతా, మేళం ఎందుకు అన్నాడట. ఊరికి పెద్ద చెంగయ్య. ఆయన మాట దాటి అక్కడ పడవ కూడా కదలదు. ఆయన సరేనని మేళం వాళ్లను రావద్దని చెప్పేశాడు. వీడి నాన్న మాత్రం, పాట మోగకపోతే నువ్వు వాయించే కీబోర్డు అమ్మేస్తా, నోరు మూసుకుని పడవెక్కు అన్నాడు.

“అమ్మ గుళ్లోనించి బయటికొచ్చేటప్పుడు నా పాట మోగాలక్కా. మోగలేదంటే అమ్మ మూగగా ఊరేగాల. ఇంక ఊళ్లో నేను తలెత్తుకునేది లేదు.”

పాట పాడింది వాడి మేనత్త పోలమ్మ. అమ్మవారిని పిలిచే పాట. దాని కింద శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు మిద్దె మీద నిలబడి రికార్డు చేసిన గుడగుడను పరిచాడు. “అమ్మ నీళ్లలోనించి లేచొచ్చినట్టు ఉండాల” అన్నాడు. వినిపించాడు. అబ్బ! ఆగి ఆగి వచ్చినా నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. కోపం వచ్చే మనిషిని కాబట్టి, బాగుందని మాత్రం చెప్పలేదు.

లాప్‌టాప్ విప్పాను. లోపల ఉన్నది ఒకే ఒక్క పాత హార్డ్ డిస్క్. పాటలు కట్టేటప్పుడు కంప్యూటర్ ఒకేసారి మూడు పనులు చేయాలి. విండోసును, పాటల సాఫ్ట్‌వేర్‌ను నడపాలి. శాంపుల్స్ అని ఉంటాయి, అంటే డోలు మీద పడే ఒక్కో దెబ్బను, సన్నాయిలో ఒక్కో స్వరాన్ని విడివిడిగా రికార్డు చేసి పెట్టిన ముక్కలు. వాటిని అడిగిన క్షణంలో తెచ్చి ఇవ్వాలి. పైగా కొత్తగా పాడుతున్న గొంతును రాసుకుంటూ ఉండాలి. పెళ్లి పంక్తిలో అన్నం, పప్పు, నీళ్లు ఒక్కడే వడ్డిస్తే ఏమవుతుందో అక్కడా అదే అవుతోంది.

అందుకని మూడు డ్రైవులు పెట్టాను. M.2 అనే చిన్న రేకు, చూయింగ్ గమ్ ముక్కంత ఉంటుంది, దాని మీద విండోసు, సాఫ్ట్‌వేర్. అది C. పాత డిస్క్ తీసిన చోట ఒక SSD, అంటే లోపల తిరిగే చక్రం లేని వేగమైన డ్రైవు, దాని నిండా శాంపుల్స్. అది D. సీడీలు పెట్టే అర ఎలాగూ ఎవరూ వాడటం లేదు కాబట్టి దాన్ని పీకేసి, క్యాడీ అనే ట్రేలో ఆ పాత డిస్క్‌నే బిగించాను. రికార్డింగులన్నీ అందులో. అది E.

“పసుపు బొట్టు పెట్టాలక్కా. కొత్త వలను గూడా బొట్టు లేకుండా నీళ్లలో ఎయ్యం.”

“మూత మీద పెట్టుకో. పిన్నుల మీద రవ్వంత పసుపు పడిందంటే చేతులిరగ్గొడతా.”

మూత మీద మూడు బొట్లు పెట్టాడు, డ్రైవుకొకటి లెక్కన. వెళ్లేముందు గట్టిగా చెప్పాను. ఎక్కడివి అక్కడే ఉండాలి, దేన్నీ కదిలించకు అని. “సరేక్కా” అన్నాడు. ఈ వృత్తిలో నేను నమ్మకూడని మాట ఏదైనా ఉందంటే అదే.

జాతర దగ్గర పడ్డాక మళ్లీ అదే థర్మకోల్ పెట్టె, దాని వెనక వేలాడేసుకున్న మొహం. పాట తెరిచాను. ఫైలు దొరకలేదు, ఫైలు దొరకలేదు అని తెర నిండా ఎర్ర గీతలు. ప్లే నొక్కితే రాకెట్ గుడగుడ ఒక్కటే వచ్చింది. డోలు లేదు, సన్నాయి లేదు, పోలమ్మ లేదు.

“ఏం చేశావురా?”

“ఏం చెయ్యలేదక్కా.”

“ఇంకోసారి అడుగుతున్నా.”

“సమానం చేసినా.”

“ఏందీ?”

“D వాడు గొంతు దాకా నిండి ఎర్రంగా అయిపోయుండాడు. E వాడేమో సగానికి పైన ఖాళీగా కూర్చోనుండాడు. ఒకడు మోస్తుంటే ఇంకొకడు కూర్చోని తింటే మా పడవలో కొట్లాటే గదక్కా! అందుకే ఇద్దరికీ సగం సగం పంచినా. C వాడు మాత్రం పర్మిషన్ లేదన్నాడు. పెద్దాయన గదా అని వదిలేసినా.”

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. వాళ్ల ఊళ్లో వల ఒడ్డుకు చేరగానే పడవకొక వాటా, వలకొక వాటా, మనిషికొక వాటా తీస్తారు. ఎవరికీ ఎక్కువ తక్కువలు ఉండవు. అలాంటి చోట పుట్టిన వాడికి ఒక డ్రైవు నిండుగా, ఒకటి ఖాళీగా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. కానీ పాట ఫైలులో శబ్దాలుండవు, అవి ఎక్కడున్నాయో చిరునామాలు మాత్రమే ఉంటాయి. వీడు ఊరందరి ఇళ్లూ మార్చేసి, ఉత్తరాలు రావడం లేదని ఏడుస్తున్నాడు.

తిట్టుకుంటూనే ఒక్కో ఫోల్డరును దాని పాత చోటికి చేర్చాను. డోలు వచ్చింది. సన్నాయి వచ్చింది. పోలమ్మ గొంతు మాత్రం ఏ డ్రైవులోనూ లేదు. చెరిగిపోయిన ఫైళ్లను వెతికే రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా పెట్టి చూశాను. పంచే ఊపులో ఆ చోటంతా డోలు దెబ్బలతో కుక్కేశాడు, ఇంకేం దొరుకుతుంది.

“మీ అత్త గొంతేదిరా?”

వాడు తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. “అది అమ్మవారి వాటా అక్కా.”

కొత్త వలలో మొదట పడ్డవాటిలో మేలైన చేప గంగమ్మకు. ఇది కొత్త వల కాకపోయినా కొత్త డ్రైవులు. అందులో మేలైనది అత్త గొంతు. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసి, పసుపు గుడ్డ చుట్టి, గుళ్లో అమ్మ కాళ్ల దగ్గర పళ్లెంలో పెట్టి వచ్చాడు.

“కాపీ చేశావా, కట్ చేశావా?”

“కట్టేనక్కా. మన కాడ ఒకటి పెట్టుకోని అమ్మకొకటి ఇస్తే అది ఇచ్చినట్టా?”

షట్టర్ దించి, వాడి బండెక్కాను. ఒళ్లో థర్మకోల్ పెట్టె.

పోలమ్మ వాకిట్లో ఎండుచేపలు ఏరుతోంది. మళ్లీ ఒకసారి పాడమని నేనే అడిగాను. “అమ్మకి పెట్టిన పాటని మళ్లీ పాడతానా నేను?” అని కస్సుమంది. “అమ్మకి ఇచ్చేసినా, అయిపోయింది. అదీగాక ఆ పొద్దు గొంతు బాగుండాది. ఈ పొద్దు జలుబు.” అలా అంటూనే మా వెనకాలే గుడికి వచ్చింది.

చెంగయ్య గుడి అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. “హారతి కాకముందు అమ్మ కాళ్ల కాడిది కదలగూడదు” అన్నాడు.

“కదిలించం పెద్దాయనా. అది పళ్లెంలోనే ఉంటుంది. ఒక వైరు పెట్టి, అందులో ఉన్నదానికి ఇంకొకటి రాసుకుంటాం.”

“మీరు తీసుకుంటే అమ్మ వాటా తగ్గదా?”

నేను బైట్లు, కాపీలు అని మొదలుపెట్టాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. పోలమ్మకు విసుగొచ్చింది. “అన్నా, ఈ పాట నేను మా అమ్మ కాడ నేర్చుకున్నా. నేను నేర్చుకున్నానని మా అమ్మ కాడ తగ్గిందా?”

చెంగయ్య తల ఊపాడు. గడప ఇవతల నేను లాప్‌టాప్‌తో, లోపల పెంచలయ్య యూఎస్‌బీ వైరుతో. పెన్‌డ్రైవ్ పళ్లెంలోంచి లేవకుండా చూడటానికి చెంగయ్య దాని మీద వేలు పెట్టి కూర్చున్నాడు. కాపీ అయ్యాక, “అమ్మది అమ్మ కాడ ఉండాదా?” అని అడిగి, తెరిచి చూపిస్తేనే వేలు తీశాడు. పోలమ్మ పాట మొత్తం పెట్టించుకుని వినింది. “బాగనే పాడినా” అంది తనకు తనే.

పాట పూర్తయ్యాక పెంచలయ్య మళ్లీ వైరు పట్టుకుని గుడికి పోయాడట. అమ్మకు ఉత్త గొంతొక్కటే ఇచ్చి, పూర్తి పాట మనం ఉంచుకుంటే ఏం బాగుంటుంది అని. ఈసారి కట్ కాదు, కాపీ. అది విని నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

జాతర సాయంత్రం నన్నూ పిలిచారు. హారతి అయింది. బల్ల మీద లాప్‌టాప్, పక్కన యాంప్లిఫయర్. అమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా దూరంగా నిలబడ్డ వాడి నాన్న ఒక్కసారిగా జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కొడుకు లాప్‌టాప్‌కు దిష్టి తగులుతుందని, దాని పక్కనే బల్ల అంచుకు ఠప్పున టెంకాయ కొట్టాడు. నీళ్లన్నీ కీబోర్డు మీదికి పోయాయి.

తెర నల్లబడింది. నేను పరుగెత్తి చార్జర్ పీకి, లాప్‌టాప్ బోర్లించాను. కారుతున్నాయి నీళ్లు. పెంచలయ్య చొక్కా విప్పి నీళ్లు తుడుస్తున్నాడు. వాడి నాన్న చేతిలో టెంకాయ చిప్పతో బొమ్మలా నిలబడిపోయాడు. ఎన్ని లాప్‌టాప్‌లు చచ్చినా ఏడవని దాన్ని, ఆ రోజు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చెంగయ్య పూజారి వైపు తిరిగాడు. “హారతి అయిపోయింది గదా?”

“అయిందయ్యా.”

“అయితే అదింక ప్రసాదం. ఊరందరికీ పంచాల్సిందే” అంటూ ఆయనే లోపలికి పోయి పసుపు గుడ్డలోని పెన్‌డ్రైవ్‌ను రెండు చేతుల మీద తెచ్చాడు. పెంచలయ్య దాన్ని యాంప్లిఫయర్‌కు గుచ్చాడు. ముందు రాకెట్ గుడగుడ. నేల కింద నుంచి వచ్చినట్టు. దాని మీద పోలమ్మ గొంతు లేచింది, డోలు అందుకుంది, అమ్మ కదిలింది. జనం కేకలు పెడుతుంటే, “గమ్మునుండండి, పాట ఇనపడనీండి!” అని అందరికంటే గట్టిగా అరిచింది పోలమ్మే.

మర్నాడు వాడి నాన్న స్వయంగా థర్మకోల్ పెట్టె మోసుకొచ్చాడు. “దీంట్లో ఏమీ పడలేదమ్మా, దానంతటదే ఆగిపోయింది” అన్నాడు. కీల మధ్య కొబ్బరి ముక్క కనిపిస్తూనే ఉంది. ఆరబెట్టి, దాని కీబోర్డు ఒక్కటి మార్చి ఇచ్చాను. కొడుకు వాయించే కీబోర్డు అమ్ముతానన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదట.

బ్యాకప్ పెట్టుకోండి, ఇంకో కాపీ మీ చెయ్యి పడని వేరే చోట ఉంచండి అని నేను ఏళ్లుగా అరుస్తున్నాను. మూడు డ్రైవులున్నా మూడూ ఒకే పెట్టెలో ఉన్నాయి, టెంకాయ నీళ్లకు మూడూ ఒకటే. ఆ సంగతి తెలిసిన నేను దాన్ని ఎవరికీ ఎక్కించలేకపోయాను. తెలియని పెంచలయ్య పాటించాడు. అందుకే ఇప్పుడు చెప్పే తీరు మార్చాను. విండోసుకొక వాటా, శాంపుల్స్‌కొక వాటా, రికార్డింగులకొక వాటా, చివరగా గంగమ్మకొక వాటా, అది ఇంట్లో ఉండకూడదు అంటాను. బ్యాకప్ తీశావా అంటే ఇప్పటికీ అందరూ “సరేక్కా” అనే అంటారు. గంగమ్మ వాటా తీశావా అంటే మాత్రం గతుక్కుమని, అక్కడే నిలబడి తీసి మరీ వెళ్తారు.