వంతెన కింద నీళ్ళు

కాలువల సీమ ఫ్రీస్లాండ్‌లో చలి ముదిరిందంటే హిల్కెకి ఇంట్లో కాలు నిలవదు. ఊరి కాలువకి అతనే మంచు పెద్ద. ఎక్కడ గట్టిపడిందో, ఎక్కడ మోసం చేస్తుందో అతను చెప్పాకే జనం స్కేట్లు కడతారు. పదకొండు ఊళ్ళు చుట్టివచ్చే మహా పందెం జరగాలంటే దారి పొడుగునా మంచు ఇంచుమించు జానెడు మందం ఉండాలి. అంత చలి ఎప్పుడో గాని రాదు. కిందటిసారి, తొంభైయేడులో, హిల్కె గట్టు మీద తివాచీలు పరుస్తూ ఉండిపోయాడు. మంచు పలచగా ఉన్నచోట పందెగాళ్ళు స్కేట్లతోనే గట్టెక్కి నడుస్తారు, తివాచీ లేకపోతే వాటి పదును పోతుంది. వేలమంది కళ్ళముందే వెళ్ళిపోయారు. వచ్చే ఏడు నేనూ దిగుతాననుకున్నాడు. ఆ వచ్చే ఏడు పదిహేనేళ్ళయినా రాలేదు.

ఈలోగా పాత చలికాలాల పుస్తకాలు కొని అలమర నింపాడు. సముద్రం గడ్డకట్టిన ఏడు, పీపాల్లో సారా గడ్డకట్టిన ఏడు, అన్నీ కంఠతా వచ్చు. ఒక్క అరవైమూడు చలి మాటే ఇంట్లో ఎత్తడు. ఆ ఏడు మంచుతుఫానులో పందేనికి వెళ్ళిన మామగారు యౌకె ఒక కన్ను పోగొట్టుకుని తిరిగొచ్చాడు. హిల్కె భార్య రెన్స్కె అప్పటికి చిన్నపిల్ల.

చివరికి చలి రానే వచ్చింది. హిల్కెకి పందెంలో చోటూ దొరికింది. తివాచీల పని పక్కింటి సీట్సెకి అప్పగించి, స్కేట్లు సానబట్టుకున్నాడు. కాలువంతా రాయిలా బిగుసుకుంది, ఒక్క వంతెన కింద తప్ప. అక్కడ బాతులూ, నుదుట తెల్లమచ్చ ఉన్న నీటికోళ్ళూ గుంపుగా ఈదుతూ నీళ్ళని కదుపుతూనే ఉన్నాయి. అదిలిస్తే లేచేవి. అతను ఇల్లు చేరేసరికి మళ్ళీ దిగేవి. పక్క ఊళ్ళ మంచు పెద్దలు ఫోన్ల మీద ఫోన్లు చేసి, నీ ఒక్కడి దగ్గరే ఆగిందని దెప్పుతున్నారు.

"ఏం పెద్దా, నీ కోళ్ళకీ స్కేట్లు కొనిపెట్టకపోయావా?" అన్నాడు సీట్సె కాఫీ కొట్లో.

హిల్కె కప్పు అలాగే వదిలేసి, వాటిని మళ్ళీ తరమడానికి వంతెనకి పరిగెత్తాడు. అక్కడ రెన్స్కె ఉంది. సంచీలోంచి నల్ల రొట్టె ముక్కలు తుంపి నీళ్ళలోకి విసురుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"చలి మొదలైన దగ్గర్నుంచీ." ఆమె సంచీ దాచలేదు. "నాన్న బతికినన్నాళ్ళూ, ఆ ఒంటికంటికి ఆనవని, అమ్మ చేపలో ముళ్ళు ఏరి పెట్టింది. నావల్ల కాదు. నువ్వు వెళ్ళకూడదు."

"ఆ మాట నోటితో చెప్పొచ్చుగా."

"చెప్తే మానేస్తావా?"

మానడని ఇద్దరికీ తెలుసు. అయినా అతనికి ఒళ్ళు మండిపోయింది. తన పదిహేనేళ్ళ ఆశని కట్టుకున్నదే రొట్టె ముక్కలు చేసి కోళ్ళకి పెడుతోంది. వెళ్ళి ఊళ్ళో మగవాళ్ళని పిలుచుకొచ్చాడు. పక్క కాలువలో మంచుని రంపంతో పలకలుగా కోసి, ఈడ్చుకొచ్చి, వంతెన కింద ఇరికించి, సందుల్లో నీళ్ళు పోశారు. పక్షుల్ని తరమడానికి వంతులవారీగా కాపలా కాశారు. మర్నాడు హిల్కె బరమాతో తొలిచి చూశాడు. సరిపడా గట్టిపడింది. రెన్స్కె గడప దాటలేదు.

ఆ సాయంత్రమే రేడియోలో చెప్పారు. దక్షిణాన మంచు చాల్లేదట, పడమటి నుంచి వెచ్చటి గాలి మళ్ళిందట, పందెం లేదట. హిల్కె లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచి సానబట్టిన స్కేట్లు తీసి చూసుకున్నాడు. దుఃఖం ఆగలేదు. రెన్స్కె వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"నా రొట్టె వల్లేనా?"

"కాదు. మన వంతెన గట్టిగానే ఉంది. దక్షిణానే పోయింది."

కిటికీ మీద వాన చినుకులు పడుతున్నాయి. అతను అద్దం తుడిచి అప్పుడే మళ్ళీ కాలువకేసి చూస్తున్నాడు. రెన్స్కె మిగిలిన రొట్టె సంచీలో వేసి మూతి కట్టింది.

"మళ్ళీ చలొస్తే," అంది, "కాలువకి దూరంగా, ఊరవతల చెరువు దగ్గర వేస్తాలే."